ఆమె ఎక్కడ పెరిగిందో పంటిలో వెతికాను

ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ ఆర్కియాలజీ చదువుతున్నప్పుడు నా డిసర్టేషన్‌కి ఎంచుకున్న పని ఇది. సుమారు 1,400 ఏళ్ల కిందట చనిపోయినవాళ్ల పళ్ల మీది పింగాణీని (ఎనామెల్) చిటికెడు తీయాలి. అందులోని స్ట్రాన్షియం, ఆక్సిజన్ ఐసోటోపులను, అంటే ఒకే మూలకంలో బరువు కాస్త తేడాగా ఉండే రకాలను, కొలవాలి. వాళ్లు చిన్నతనంలో ఎలాంటి నేల మీద పెరిగారో చెప్పాలి. మన దగ్గర హిస్టరీ, ఆర్కియాలజీ చదివే పిల్లలు కొందరు ఇప్పటికీ నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. ఈ పని ఎలా చేస్తారు, దానికి ఏం చదివి ఉండాలి, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని అడుగుతారు. ఆ చివరి ప్రశ్న కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను పనిచేసిన శ్మశానం తూర్పు ఇంగ్లండ్‌లో సుద్దరాయి కొండల అంచున ఉంది. రోమన్ సైన్యాలు బ్రిటన్ వదిలి వెళ్లాక వచ్చిన రెండు మూడు శతాబ్దాల కాలం నాటిది. దాన్ని ఆంగ్లో-శాక్సన్ కాలం అంటారు. బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 731లో ముగించిన చరిత్రలో ఆంగిల్స్, శాక్సన్లు, జూట్లు అనే తెగలవాళ్లు నేటి జర్మనీ, డెన్మార్క్ వైపు నుంచి సముద్రం దాటి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని రాశాడు. చాలాకాలం పరిశోధకులు ఆ మాటనే పట్టుకున్నారు. సమాధిలో డెన్మార్క్ తరహా బ్రోచ్ (బట్టకు గుచ్చుకునే నగ) కనిపిస్తే చాలు, అందులో ఉన్నామె అక్కడి నుంచి వచ్చిందని రాసేసేవాళ్లు. కానీ నగ చేతులు మారుతుంది. తల్లి నుంచి కూతురికి వస్తుంది, సంతలో కొంటారు, పెళ్లికి పెడతారు. పన్ను అలా చేతులు మారదు.

నేను ఎక్కువకాలం గడిపింది ఒకామె పళ్లతో. మధ్యవయసు మనిషి. రెండు భుజాల దగ్గర రెండు బ్రోచ్‌లు, మెడ దగ్గర అంబర్ పూసలు. పేరు తెలియదు, సమాధి నంబరు ఒక్కటే ఉంది. ఆ నంబరుతో పిలవడం నాకు మనసొప్పలేదు. నా నోట్‌బుక్‌లో అంతటా "ఆమె" అనే రాసుకున్నాను.

మొదట చేయాల్సింది అనుమతి తెచ్చుకోవడం. ఈ పరీక్షలో పంటిలో కొంత భాగం శాశ్వతంగా పోతుంది, అందుకే మ్యూజియం వాళ్లు ఊరికే ఇవ్వరు. ఏ పన్ను కావాలి, ఎన్ని మిల్లీగ్రాములు తీస్తారు, ఇదే జవాబు పన్ను కోయకుండా రాబట్టడానికి వేరే దారి లేదా, మిగిలిన ముక్క ఎప్పుడు తిరిగిస్తారు అని ఫారంలో వరసగా అడిగారు. రెండో వైపు అదే పన్ను ఉన్న మనిషినే ఎంచుకోవాలి. ఒకవైపుది కోసినా ఇంకోవైపుది రేపటి పరిశోధకులకు మిగులుతుంది. కోసే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, కొలతలు రాసి, అరుగుదల, గార, పుచ్చు అన్నీ నమోదు చేసి పెట్టాలి. ఈ కాగితాల పని విసుగు అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది చాలా సబబుగా అనిపించింది.

ఆ రోజుల్లో ఫోన్‌లో మా అమ్మకి ఈ సంగతి చెప్తే, ఆమె అడిగిన మొదటి మాట, "చచ్చిపోయినామె పన్ను కోసుడు తప్పు గాదా బిడ్డా?" అని. దానికి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. అవసరమైనంత కన్నా ఒక్క మిల్లీగ్రాము కూడా ఎక్కువ తీయను, తీసిన దాని నుంచి రాబట్టగలిగినదంతా రాబడతాను అని చెప్పాను. ఆ మాట మీదే నిలబడ్డాను.

పన్నే ఎందుకు అంటే, ఎముక బతికున్నంతకాలం లోపల మారుతూనే ఉంటుంది. పాతది కరిగి కొత్తది కట్టుకుంటుంది. అందుకే ఎముకలో చివరి సంవత్సరాల తిండి, నీళ్ల గుర్తులు ఉంటాయి. పింగాణీ మాత్రం ఒక్కసారి గట్టిపడిందంటే మళ్లీ మారదు. మొదటి పెద్ద దవడపన్ను పైభాగం పుట్టినప్పటి నుంచి దాదాపు మూడేళ్ల లోపు తయారవుతుంది. రెండోది రెండున్నర, మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల దాకా. జ్ఞానదంతం పింగాణీ సుమారు ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య, మనిషి మనిషికీ కాస్త తేడాతో. అంటే ఒకే నోట్లో బాల్యంలోని మూడు దశలు విడివిడిగా భద్రంగా ఉంటాయన్నమాట.

ఇది మా నల్లగొండ జిల్లా వాళ్లకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడ చిన్నతనం గడిపినవాళ్ల ముందు పళ్ల మీద గోధుమరంగు మరకలు జీవితాంతం ఉండిపోతాయి. పళ్లు తయారయ్యే వయసు దాటాక ఆ ఊరికి కోడలిగా వచ్చినామె ఎన్నేళ్లు ఆ నీళ్లు తాగినా, ఎముకల్లో నొప్పులు పుట్టొచ్చు గానీ పళ్ల మీద ఆ మరకలు రావు. కృష్ణా నీళ్లు అందిన తర్వాత పుట్టిన పిల్లల్లో మరకలు బాగా తగ్గాయి. మా బంధువుల్లో ఎవరు ఎక్కడ పెరిగారో నవ్వితే తెలిసిపోయేది. ఐసోటోప్ పరిశోధన వెతికేది కూడా ఇలాంటి గుర్తునే. ఇది కంటికి కనపడదు కాబట్టి యంత్రంతో కొలవాల్సి వస్తుంది.

ఆ గుర్తు రాతిలో మొదలవుతుంది. రుబీడియం-87 అనే పరమాణువు చాలా చాలా నెమ్మదిగా స్ట్రాన్షియం-87గా మారుతుంది. అందులో సగం మారడానికి సుమారు 4,900 కోట్ల ఏళ్లు పడుతుంది. కాబట్టి రాయి ఎంత పాతదైతే, అందులో మొదట రుబీడియం ఎంత ఎక్కువ ఉంటే, స్ట్రాన్షియం-87 అంతగా పోగవుతుంది. దాన్ని మారకుండా ఉండే స్ట్రాన్షియం-86తో పోల్చి ఒక నిష్పత్తిగా చెప్తారు. పాత గ్రానైటు నేలల్లో ఆ నిష్పత్తి ఎక్కువ. లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్టులో తక్కువ, 0.705 ప్రాంతంలో ఉంటుంది. సముద్రపు నీటిలో ప్రపంచమంతా ఒక్కటే, 0.7092. ఇంగ్లండ్ సుద్దరాయి నేలల మీద పెరిగే మొక్కల్లో దాదాపు 0.708 నుంచి 0.709 వరకు వస్తుంది. రాయి నుంచి మట్టికి, మట్టి నుంచి మొక్కకి, నీటికి, పశువుకి, మనిషికి ఈ నిష్పత్తి అలాగే చేరుతుంది. స్ట్రాన్షియం రసాయన గుణాల్లో కాల్షియానికి దగ్గర చుట్టం కాబట్టి, పన్ను కట్టుకునేటప్పుడు శరీరం దాన్ని కూడా కాల్షియంతో పాటే లోపలికి తీసుకుంటుంది.

ఇక ప్రయోగశాల. పన్ను చేతిలోకి తీసుకున్న మొదటి రోజు నేను ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. దంత వైద్యులు వాడే డ్రిల్లే, కొసన వజ్రపు పొడి అద్దిన సన్నటి ములుకు. భూతద్దం కింద చూస్తూ ముందుగా పంటి పైపొరను గీకి పారేయాలి. మట్టిలో ఇన్నేళ్లు ఉన్నప్పుడు బయటి స్ట్రాన్షియం అంటుకునేది అక్కడే. తర్వాత సన్నటి రంపపు చక్రంతో, నమలే అంచు నుంచి వేరు వైపుకి నిలువుగా ఒక చీలిక కోస్తాం. ఆ చీలికకు లోపలి వైపు డెంటీన్, అంటే పింగాణీ కింద ఉండే మెత్తటి పొర, అంటుకుని వస్తుంది. పింగాణీ మెరుస్తూ, కాస్త పారదర్శకంగా ఉంటుంది. డెంటీన్ పసుపు తిరిగి, మైనంలా మసకగా కనిపిస్తుంది. డ్రిల్ తగిలినప్పుడు చప్పుడు కూడా మారుతుంది. పింగాణీ మీద కీచుమంటుంది, డెంటీన్‌లోకి దిగగానే మెత్తబడుతుంది. ఆ పసుపురంగు కొంచెం కూడా మిగలకుండా గీకాలి. ఎందుకంటే డెంటీన్ గుల్లగా ఉంటుంది కాబట్టి సమాధి మట్టిలోని స్ట్రాన్షియంను పీల్చుకుంటుంది. డెంటీన్ కలిస్తే ఆమె బాల్యానికి బదులు ఆమె సమాధిని కొలిచినట్టవుతుంది. అయితే ఆ డెంటీన్‌ని పారేయం. దాన్ని విడిగా కొలిస్తే ఆ సమాధి చుట్టూ ఉన్న నేల విలువ ఎటువైపు ఉందో తెలుస్తుంది.

గీకుతున్నప్పుడు కాలిన వాసన వస్తుంది. పంటికి ఫిల్లింగ్ వేయించుకోవడానికి డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లకి ఆ వాసన తెలుసు. 1,400 ఏళ్ల తర్వాత కూడా అదే వాసన. ఆ క్షణంలో నా ఎదురుగా ఉన్నది శాంపిల్ అనే ఆలోచన పూర్తిగా పోయింది. ఒక మనిషి నోరు అది.

తర్వాత ఆ ముక్కను శుద్ధమైన నీటిలో అల్ట్రాసౌండ్‌తో కడిగి, ఆరబెట్టి, తూచి, క్లీన్ ల్యాబ్‌లోకి తీసుకెళ్లాలి. అక్కడ గాలిని కూడా వడగట్టి లోపలికి పంపుతారు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి సూట్, వేరే చెప్పులు, రెండు జతల గ్లవ్స్. గాజు పాత్రలు వాడరు, అన్నీ టెఫ్లాన్ బీకర్లే. వాటిని ముందే రోజుల తరబడి యాసిడ్‌లో మరిగించి శుభ్రం చేస్తారు. యాసిడ్‌ని కూడా అక్కడే మరోసారి ఆవిరి చేసి, చల్లార్చి, శుద్ధి చేసి వాడతారు. ఇంత జాగ్రత్త ఎందుకంటే మనం కొలవబోయే స్ట్రాన్షియం గ్రాములో కోట్లవ వంతుల లెక్కలో ఉంటుంది. చేతి చెమట, గోడ దుమ్ము, కుళాయి నీటి చుక్క, ఏది పడినా లెక్క తప్పుతుంది.

పింగాణీ నైట్రిక్ యాసిడ్‌లో చిన్న బుడగలు వదులుతూ కరిగిపోతుంది. అందులో కాల్షియం, ఫాస్ఫేట్, బేరియం, రుబీడియం అన్నీ ఉంటాయి. మనకు కావాల్సింది స్ట్రాన్షియం ఒక్కటే. దాని కోసం చూపుడువేలంత కూడా లేని సన్నటి గొట్టాల్లో ప్రత్యేకమైన రెసిన్ నింపుతాం. గాఢమైన యాసిడ్‌తో పోస్తే ఆ రెసిన్ స్ట్రాన్షియంను పట్టుకుని మిగతావాటిని కిందికి వదిలేస్తుంది. మళ్లీ మళ్లీ యాసిడ్‌తో కడిగి, చివరికి బాగా పలచటి యాసిడ్ లేదా నీళ్లు పోస్తే అది పట్టు సడలించి స్ట్రాన్షియంను కింది బీకర్‌లోకి దించుతుంది. ఒక్కో చుక్క పడటం చూస్తూ కూర్చోవాలి, తొందరపెట్టడానికి ఏమీ ఉండదు. ఇక్కడ రుబీడియంను పూర్తిగా వదిలించుకోవడం ముఖ్యం. రుబీడియం-87, స్ట్రాన్షియం-87 బరువులు దాదాపు ఒకటే, యంత్రానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ప్రతి బ్యాచ్‌లోనూ పన్ను లేని ఖాళీ బీకర్ ఒకటి ఉంటుంది. దానికీ అదే యాసిడ్, అదే రెసిన్, అదే వరస. చివర్లో అందులో స్ట్రాన్షియం ఎంత తేలితే అంతా మన చేతుల నుంచో, రసాయనాల నుంచో వచ్చిందన్నమాట. దీన్ని బ్లాంక్ అంటారు. పన్ను ఫలితం కన్నా ముందు బ్లాంక్ ఫలితం అడగడం మా సూపర్‌వైజర్ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరి పరిశోధన పత్రం చదివినా నా కళ్లు ముందు దాని కోసమే వెతుకుతాయి.

ఆ చుక్కను ఎండబెట్టి రీనియం అనే లోహపు సన్నటి పట్టీ మీద పెట్టి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఎక్కించాం. లోపల శూన్యం చేసి పట్టీని 1,300 డిగ్రీలు దాటించి వేడెక్కిస్తారు. స్ట్రాన్షియం పరమాణువులు విద్యుదావేశంతో ఎగిరి, అయస్కాంతం దగ్గర బరువును బట్టి దారులు చీలి, వేర్వేరు కప్పుల్లో పడతాయి. స్క్రీన్ మీద అంకెలు కదులుతుంటాయి. ఆమె పన్నుకి ముందు, తర్వాత కూడా ప్రపంచమంతా వాడే ఒక ప్రామాణిక స్ట్రాన్షియంను కొలిచాం. అది 0.71025 దగ్గర రావాలి. అక్కడ తేడా వస్తే మిగతా అంకెలకు విలువ లేదు. అది సరిగ్గా వచ్చినప్పుడు నేను పీల్చిన ఊపిరి గది అవతలికి వినబడి ఉంటుంది.

ఆమె మొదటి దవడపన్ను విలువ సుద్దరాయి నేలకు సరిపోలేదు. తేడా మూడో దశాంశ స్థానంలోనే తెలిసిపోయింది. ఐదో స్థానం దాకా నమ్మకంగా కొలవగలిగే పనిలో ఇది చాలా పెద్ద తేడా. రెండో పన్నూ అంతే. జ్ఞానదంతం మాత్రం సుద్దరాయి వైపు బాగా జరిగింది. డెంటీన్ పూర్తిగా సుద్దరాయి విలువకే వచ్చింది, అనుకున్నట్టే. అంటే ఏడెనిమిదేళ్ల దాకా వేరే రకం నేల మీద పెరిగిన పిల్ల, ఆ తర్వాత, పెద్దమనిషయ్యే వయసుకి కాస్త అటూఇటూగా, ఈ కొండల దగ్గరికి చేరింది. ఇది చదివినప్పుడు నాకు పెళ్లి గుర్తొచ్చింది, తల్లిదండ్రులు పోవడం గుర్తొచ్చింది, ఎవరో ఇంటికి పెంపకానికి పంపడం గుర్తొచ్చింది. అవేవీ ఆ అంకెల్లో లేవు. రిపోర్టులో అవేవీ రాయలేదు.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది తొందరపడతారు. ఆమె విలువ పశ్చిమ డెన్మార్క్‌లో దొరికే విలువల్లో ఇముడుతుంది. సంతోషించి అక్కడే ఆగిపోతే బ్రోచ్‌లతో కథ చక్కగా కుదిరిపోతుంది. కానీ అదే విలువ ఇంగ్లండ్ మధ్యప్రాంతపు ఎర్ర ఇసుకరాతి నేలల్లోనూ దొరుకుతుంది. పశ్చిమాన మరికొన్ని చోట్లా దొరుకుతుంది. స్ట్రాన్షియం ఊరి పేరు చెప్పదు, రాతి రకం చెప్తుంది. ఒకే రకం రాయి ఎన్నో దేశాల్లో ఉంటుంది.

అందుకే ఆక్సిజన్‌ని కూడా కొలుస్తారు. తాగే నీటిలో బరువైన ఆక్సిజన్-18, తేలికైన ఆక్సిజన్-16 పాళ్లు వానను బట్టి ఉంటాయి. సముద్రం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ, చలి పెరిగేకొద్దీ, ఎత్తుకి పోయేకొద్దీ బరువైనది తగ్గుతుంది. బ్రిటన్‌లో పడమటి తీరపు వానకీ తూర్పు వానకీ తేడా ఉంటుంది. స్టోన్‌హెంజ్‌కి దగ్గర్లో ఏమ్స్‌బరీలో 2002లో బయటపడిన విలుకాడి కథ ఈ పద్ధతికి గొప్ప పేరు తెచ్చింది. క్రీస్తుపూర్వం 2300 ప్రాంతం మనిషి, సమాధిలో రాతి బాణపు మొనలు, రాగి కత్తులు, బంగారు ఆభరణాలు ఉన్నాయి. అతని పళ్లలోని ఆక్సిజన్ బ్రిటన్ వానకి సరిపోలేదు, ఆల్ప్స్ చుట్టుపక్కల చలి ప్రాంతాల వైపు చూపించింది. ఆమె విషయంలో అంత స్పష్టత రాలేదు. పైగా తల్లిపాలు తాగే వయసులో ఏర్పడిన పంటిలో బరువైన ఆక్సిజన్ కాస్త ఎక్కువే ఉంటుంది. నీళ్లు మరిగించినా, కాచిన బీరు, గంజి లాంటివి ఎక్కువగా తాగినా అది పెరుగుతుంది. ఆ కాలంలో పిల్లలు కూడా పలచటి బీరు తాగేవాళ్లంటారు. ఇవన్నీ తీసేస్తే నా చేతిలో మిగిలింది ఒక్క వాక్యం: ఆమె తొలి బాల్యం ఈ సుద్దరాయి నేల మీద గడవలేదు.

ఆ వాక్యం చిన్నదే గానీ గట్టిది. నేను ఈ పనిలో నేర్చుకున్న అసలు విషయం అదే. ఐసోటోపులు మనిషి ఎక్కడ పెరగలేదో చాలా బలంగా చెప్తాయి. ఎక్కడ పెరిగాడో చెప్పాలంటే మనం ఎన్ని చోట్ల మట్టిని, మొక్కలను, నీటిని కొలిచి మ్యాప్ తయారు చేసుకున్నామో దాని మీద ఆధారపడుతుంది. మ్యాప్ తప్పయితే మనిషి దేశమే మారిపోతుంది.

డెన్మార్క్‌లోని ఎగ్ట్‌వెడ్ యువతి విషయంలో ఈ వాదనే నడిచింది. 1921లో ఓక్ చెట్టు బోదె శవపేటికలో దొరికిన ఆమె క్రీస్తుపూర్వం 1370లో చనిపోయింది. ఉన్ని బట్టలు, వెంట్రుకలు, గోళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. 2015లో కరీన్ ఫ్రెయ్ బృందం ఆమె పళ్లు, జుట్టు, బట్టల్లోని స్ట్రాన్షియం కొలిచి ఆమె డెన్మార్క్ బయట, బహుశా దక్షిణ జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో పెరిగిందని చెప్పింది. ప్రపంచమంతా వార్త అయింది. 2019లో ఎరిక్ థామ్సెన్, రాస్ముస్ ఆండ్రియాసెన్ ఒక విషయం బయటపెట్టారు. డెన్మార్క్ రైతులు పొలాల్లో చల్లే సున్నం అక్కడి వాగుల నీటిలోని స్ట్రాన్షియం విలువను కిందికి దించేసిందట. సున్నం తగలని చోట్ల కొలిస్తే విలువలు ఎక్కువగానే ఉన్నాయి, ఆమె దూరదేశం నుంచి వచ్చిందనాల్సిన అవసరం లేదు అని వాళ్ల వాదన. ఫ్రెయ్ బృందం దాన్ని ఒప్పుకోలేదు. నాకు మాత్రం సున్నం వాదనలో బలం ఉందనిపిస్తుంది. పొలం గట్టు మీది మొక్కను కొలిచి కంచుయుగపు మనిషి గురించి తీర్పు చెప్పకూడదు. అందుకే నా శ్మశానం చుట్టుపక్కల మొక్కలు సేకరించినప్పుడు ఎరువులు పడని పాత అడవి ముక్కలనే వెతుక్కున్నాను. వేర్లు వేర్వేరు లోతుల నుంచి నీళ్లు తాగుతాయి కాబట్టి ప్రతిచోటా గడ్డి, పొద, చెట్టు మూడింటి ఆకులూ తీసుకున్నాను.

డీఎన్ఏ ఉంది కదా, ఇంత కష్టం దేనికి అని కూడా అడుగుతారు. డీఎన్ఏ పూర్వీకుల సంగతి చెప్తుంది. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం తూర్పు, దక్షిణ ఇంగ్లండ్‌లో ఆ కాలం మనుషుల వంశమూలంలో 76 శాతం దాకా ఉత్తర సముద్రం అవతలిది. కానీ డెన్మార్క్ నుంచి వచ్చిన దంపతులకు యార్క్‌షైర్‌లో పుట్టిన బిడ్డ పంటిలో యార్క్‌షైరే ఉంటుంది. అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లల సంగతీ అంతే. వంశం ఒక ప్రశ్న, బాల్యం ఇంకో ప్రశ్న. వెస్ట్ హెస్లర్టన్ అనే యార్క్‌షైర్ శ్మశానం మీద 2000ల మొదట్లో జరిగిన ఐసోటోప్ పరిశోధనలో సముద్రం అవతల పెరిగి ఉండొచ్చనిపించినవాళ్లు కొద్దిమందే. సమాధిలో పెట్టిన వస్తువులను బట్టి వాళ్లను గుర్తుపట్టగలిగే వీలే లేకపోయింది.

రిపోర్ట్ ముగిశాక అమ్మ మళ్లీ అడిగింది, "ఇంతకూ ఆమెది ఏ ఊరు బిడ్డా?" అని. ఊరు తెలియలేదు, చిన్నప్పుడే ఊరు మారిందని మాత్రం తెలిసింది అన్నాను. "ఆడపిల్ల గదా" అంది. శాస్త్రం ప్రకారం ఆ మాటకు నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చాలాసేపు నాతో ఉంది.

ఇక మన నేల గురించి. మన ఉపఖండంలో ఈ పద్ధతి వాడిన ముఖ్యమైన పని హరప్పా మీద జరిగింది. 2015లో బెంజమిన్ వాలెంటైన్ బృందం హరప్పాలో, హర్యానాలోని మరో సింధు నాగరికత స్థలం ఫర్మానాలో దొరికిన పళ్లలో స్ట్రాన్షియంతో పాటు సీసం ఐసోటోపులను కూడా కొలిచింది. హరప్పా శ్మశానంలో ఉన్నవాళ్లలో చాలామంది తొలి బాల్యం బయటి ప్రాంతాల్లో గడిపి తర్వాత నగరానికి వచ్చారని తేల్చింది. అది చదివినప్పటి నుంచి నా ఆలోచన మన రాక్షసగుళ్ల చుట్టూ తిరుగుతోంది. తెలంగాణలో ఈ ఇనుపయుగపు పెద్ద రాళ్ల సమాధులు లెక్కలేనన్ని ఉన్నాయి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోనే తవ్వి తీశారు. రాయి విషయానికొస్తే మన దగ్గర ఉన్నంత తేడా ఇంగ్లండ్‌లో నేను పనిచేసిన చోట లేదు. హైదరాబాద్, నల్లగొండ గ్రానైట్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. వికారాబాద్ వైపు, ఆదిలాబాద్‌లో కొంతమేర కనిపించే దక్కన్ బసాల్టు 6.6 కోట్ల ఏళ్లది. బసాల్టు మీది నల్లరేగడిలో పెరిగి గ్రానైటు మీది ఎర్రచలక నేలలో సమాధి అయిన మనిషి ఉంటే పంటిలో ఆ తేడా దాగదు.

కష్టాలూ ఉన్నాయి. మన వేడికి, చలక నేలల గుణానికి ఎముకలు పొడిపొడి అయిపోతాయి. సుద్దరాయి నేలలో ఎముకలు నిలిచినట్టు ఇక్కడ నిలవవు. పళ్ల మీది పింగాణీయే మనకు దిక్కు. నదులు ఇంకో చిక్కు. గోదావరి పైభాగమంతా బసాల్టు మీద పారి, కిందికి వచ్చేకొద్దీ పాత రాళ్ల మీది నీటిని కలుపుకుని డెల్టాలో ఒండ్రు వేస్తుంది. కోనసీమలో పండిన అన్నం తిన్న పిల్ల పంటిలో ఎక్కడో నాసిక్ వైపు రాయి కూడా కొంత ఉంటుంది. కాబట్టి రాళ్ల మ్యాప్ చూసి అంచనా కడితే సరిపోదు. ఊరూరా మొక్కలు, నత్తగుల్లలు కొలిచి మనదైన మ్యాప్ ఒకటి తయారు చేసుకోవాలి. అది లేకుండా ఎవరు ఎన్ని పళ్లు కోసినా, ఆ పళ్లు పోవడమే మిగులుతుంది.

ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలకు చెప్పేది: డిగ్రీలో కెమిస్ట్రీ గానీ జియాలజీ గానీ చదివి ఉంటే బాగా ఉపయోగపడుతుంది. హిస్టరీ నుంచి వచ్చినా ఫర్వాలేదు, పిపెట్ పట్టడం నేర్చుకోవచ్చు. తవ్వకాల్లో పనిచేసేవాళ్లకు ఒక విన్నపం ఉంది. పళ్లు దొరికితే గట్టిపడటానికి జిగురు, వార్నిష్ లాంటివి పూయకండి. పుర్రె నుంచి ఊడిన పళ్లను ఏ మనిషివో రాసి విడివిడి సంచుల్లో పెట్టండి. ఆ సమాధి మట్టి గుప్పెడు పక్కనే దాచండి. వానలు పడ్డాక మా జిల్లాలో గుట్టల మీద, ఎరువు తగలని చోట్ల మొక్కలు సేకరించడం మొదలుపెడుతున్నాను. మీ ఊళ్లో సాగుచేయని పాత గుట్ట ఏదైనా ఉంటే చెప్పండి, మూడు రకాల ఆకులు చాలు.